నా గొంతు మీద నా గొంతే: స్కార్లెట్ 2ఐ2, రీపర్ సమీక్ష

పిల్లలకు బృందగానం నేర్పడం నా పని. పాట ఒకటే అయినా అందులో మూడు నాలుగు వరసలు ఉంటాయి, ఒక్కో జట్టు ఒక్కో వరస పాడుతుంది. ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి ఎవరి వరస వాళ్లకు విడిగా రికార్డు చేసి ఇవ్వాలి. ఆ వరసలన్నీ పాడేది నేనే. ముందు పాడినదాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ దాని మీద రెండోది, ఆ రెండూ వింటూ మూడోది. కొన్నేళ్లుగా ఈ పని ఫోకస్‌రైట్ వాళ్ల స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఇంటర్‌ఫేస్‌తో (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె), రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో చేస్తున్నాను. ఈ రెంటినీ కలిపే సమీక్షిస్తున్నాను, ఎందుకంటే నా పనిలో ఒకటి లేకుండా రెండోది లేదు.

ఇంటర్‌ఫేస్‌ల గురించి చదివితే ఎక్కడ చూసినా శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుంది (శాంపుల్ రేటు), దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు ఎంత గొప్పవి అనే లెక్కలే. పాడేవాళ్లకు ఇవన్నీ తర్వాతి సంగతి. పాడుతున్నప్పుడు మన గొంతు మన చెవికి ఎలా వినిపిస్తోంది? నేను ముందు చూసేది ఇది. అక్కడ తేడా వస్తే శ్రుతి జారుతుంది, గొంతు బిగుసుకుంటుంది, గమకం తేలిపోతుంది. మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంపు ఎంత గొప్పదైనా ఆ బిగుసుకున్న గొంతునే కదా రికార్డు చేసేది!

ముందు పెట్టె సంగతి. 2019లో వచ్చిన మోడల్ ఇది. రెండు ఇన్‌పుట్లు, వెనక స్పీకర్లకు రెండు అవుట్‌పుట్లు, ముందు ఒక హెడ్‌ఫోన్ జాక్. కరెంటు కూడా యూఎస్‌బీ కేబుల్ నుంచే తీసుకుంటుంది, విడిగా అడాప్టర్ అక్కర్లేదు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ వరకూ రికార్డు చేస్తుంది. నేను మాత్రం 44.1 దాటి ఎప్పుడూ వెళ్లలేదు, గొంతుకు అంతకు మించి అవసరమూ కనబడలేదు. మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలో నిర్ణయించే గెయిన్ నాబ్ చుట్టూ ఒక వెలుగు వలయం ఉంటుంది. సిగ్నల్ వస్తుంటే ఆకుపచ్చ, హద్దు దగ్గరపడితే పసుపు, దాటితే ఎరుపు. పాడుతూ స్క్రీన్ చూడలేం కాబట్టి ఓరకంటికి కనబడే ఈ రంగు చాలా ఉపయోగం.

లెవెల్ గురించి ఒక మాట. కొత్తవాళ్లు పసుపు అంచుకు తెచ్చి రికార్డు చేయాలని చూస్తుంటారు. టేపుల కాలం నాటి అలవాటు అది. టేపుకు తనదంటూ ఒక హిస్ ఉంటుంది కాబట్టి అప్పట్లో సిగ్నల్ బలంగా ఉండాల్సి వచ్చేది. 24 బిట్లలో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సిద్ధాంతం ప్రకారం 144 డెసిబెల్స్ చోటు ఉంది. గట్టిగా పాడిన చోట కూడా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే చాలు (సున్నా దాటితే శబ్దం చిట్లుతుంది). వలయం ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుంది. తర్వాత ఎంత పెంచుకున్నా పోయేదేమీ లేదు. పై స్వరంలో ఒక్కసారి చిట్లిన శబ్దాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యలేదు.

ఇక అసలు విషయం, లేటెన్సీ. మైకులోకి వెళ్లిన గొంతు కంప్యూటర్లోకి పోయి, మళ్లీ హెడ్‌ఫోన్స్‌కి వచ్చేసరికి కొంత ఆలస్యం అవుతుంది. కంప్యూటర్ శబ్దాన్ని శాంపుల్ తర్వాత శాంపుల్‌గా కాక గుత్తులుగా తీసుకుంటుంది. ఆ గుత్తి సైజే బఫర్. 44,100 శాంపుల్ రేటులో 128 శాంపుల్స్ అంటే 2.9 మిల్లీసెకన్లు, 512 అంటే 11.6, 1024 అంటే 23.2. ఇది ఒక వైపు లెక్క. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మీదట కన్వర్టర్లూ, డ్రైవరూ (కంప్యూటర్ పెట్టెతో మాట్లాడటానికి వాడే సాఫ్ట్‌వేర్) తినే కొంత సమయం. అందుకే 128 పెట్టినా చెవికి చేరేసరికి ఆరు మిల్లీసెకన్లు దాటే ఉంటుంది.

పది మిల్లీసెకన్లు అంటే శబ్దం గాలిలో దాదాపు మూడున్నర మీటర్లు ప్రయాణించే సమయం. గిటార్ వాయించేవాళ్లు దీన్ని అంతగా పట్టించుకోరు. వేదిక మీద యాంప్లిఫయర్ అంత దూరంలో ఉండటం వాళ్లకు మామూలే. పాడేవాళ్ల పరిస్థితి వేరు. మన గొంతు పుర్రె ఎముకల గుండా ఏ ఆలస్యమూ లేకుండా లోపలి చెవికి చేరుతుంది. అదే గొంతు కొన్ని మిల్లీసెకన్లు వెనకబడి హెడ్‌ఫోన్స్‌లోంచి వస్తే రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు డొల్లగా, గొట్టంలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ప్రతిధ్వనిలా విడిగా వినబడకపోయినా ఏదో తప్పుగా ఉందని మాత్రం తెలుస్తుంటుంది. మైకు బాగోలేదనుకుని మైకులు మార్చేవాళ్లున్నారు, తీరా చూస్తే మైకుది ఏ తప్పూ లేదు.

2ఐ2 మీద డైరెక్ట్ మానిటర్ అనే స్విచ్ ఉంది. అది వేస్తే మైకులోంచి వచ్చిన గొంతు కంప్యూటర్‌కి పోయి రాకుండా పెట్టెలోంచే నేరుగా హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది. ఆలస్యం ఉందన్న స్పృహే ఉండదు. అప్పుడు బఫర్ 512 పెట్టినా, 1024 పెట్టినా పాడేవాళ్లకు తేడా లేదు, పాత కంప్యూటర్‌కి కూడా శ్రమ ఉండదు. నాకు ఈ పెట్టె నచ్చడానికి మొదటి కారణం ఈ స్విచ్చే. మూడో తరంలో దీనికి మోనో, స్టీరియో అని రెండు స్థానాలు ఇచ్చారు. ఒక్క మైకుతో పాడేటప్పుడు మోనోలో పెట్టండి. స్టీరియోలో ఒకటో ఇన్‌పుట్ ఎడమ చెవికి, రెండోది కుడి చెవికి వెళ్తాయి, ఒంటి చెవితో పాడాల్సి వస్తుంది. ఇంకో జాగ్రత్త: డైరెక్ట్ మానిటర్ వేసినప్పుడు రీపర్లో ఆ ట్రాక్ మానిటరింగ్ (కంప్యూటర్ గుండా మన గొంతు వినిపించడం) ఆపాలి. రెండూ ఆన్‌లో ఉంటే ఒకే గొంతు రెండుసార్లు వస్తుంది.

అయితే అలా నేరుగా వచ్చే గొంతు ఎండు గొంతు. పొడిగా, చెవి పక్కనే ఉన్నట్టు ఉంటుంది. పెద్ద హాల్లో పాడే అలవాటున్నవాళ్లకు అలా పాడటం కష్టం. దీర్ఘ స్వరాలు నిలబెట్టాలంటే కాస్త రివర్బ్ (హాల్లో గోడలకు తగిలి మిగిలే మోత) చుట్టూ ఉండాలి. ఈ పెట్టెలో రివర్బ్ లేదు. దానికి నేను రీపర్లో ఒక ఏర్పాటు చేసుకున్నాను. పాడేవాళ్లందరికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెప్తాను.

గొంతు రికార్డయ్యే ట్రాక్ ఎలాగూ ఉంటుంది, దానికి మానిటరింగ్ ఆఫ్. దాని పక్కన ఇంకో ట్రాక్ తెరవండి. దీనికీ అదే మైకు ఇన్‌పుట్ ఇచ్చి, రికార్డుకు సిద్ధం చేసే ఎర్ర బటన్ నొక్కి, మానిటరింగ్ ఆన్ చేయండి. రికార్డ్ మోడ్‌లో మాత్రం ఏమీ రికార్డు చేయకుండా ఇన్‌పుట్ మానిటరింగ్ మాత్రమే చేసే ఆప్షన్ ఎంచుకోండి. ఈ ట్రాక్ మీద రీపర్‌తోనే వచ్చే రీవర్బేట్ ప్లగిన్ (రివర్బ్ చేర్చే అనుబంధ సాఫ్ట్‌వేర్) పెట్టి, డ్రై (పొడి గొంతు) స్లైడర్ పూర్తిగా కిందికి లాగేయండి, వెట్ (రివర్బ్) మాత్రమే ఉంచండి. అంతే. పొడి గొంతు పెట్టెలోంచి ఆలస్యం లేకుండా వస్తుంది. కంప్యూటర్ నుంచి వచ్చేది ఒట్టి రివర్బే. అది పది పదిహేను మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే నష్టం లేదు, నిజమైన హాల్లో కూడా గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దానికి అంత వ్యవధి పడుతుంది. రికార్డయ్యే గొంతులో రివర్బ్ చుక్క కూడా ఉండదు. ఈ ఏర్పాటును ప్రాజెక్ట్ టెంప్లేట్‌గా దాచుకుంటే కొత్త పాట తెరిచిన ప్రతిసారీ సిద్ధంగా ఉంటుంది. ఇది పెట్టుకున్నాక నా పొడుగు స్వరాలు నిలబడ్డాయి, ఆ మార్పు పిల్లలకు కూడా వినబడింది.

2ఐ2లో నాకు లోటుగా అనిపించేది ఇక్కడే. డైరెక్ట్ మానిటర్ గొంతుకూ, కంప్యూటర్ నుంచి వచ్చే ముందటి వరసలకూ మధ్య పాళ్లు సరిచేసే నాబ్ మూడో తరం పెట్టె మీద లేదు. ఉంటే ఆన్, లేకపోతే ఆఫ్. వరసలు ఎక్కువయ్యే కొద్దీ నా గొంతు వాటి కింద నలిగిపోతుంది. అప్పుడు రీపర్లో ఆ ట్రాకులన్నిటినీ ఒక ఫోల్డర్ ట్రాక్ కిందికి చేర్చి దాని ఫేడర్ తగ్గించుకుంటాను. పని జరుగుతుంది, కానీ ఆ నాబ్ చేతికి అందేలా పెట్టె మీదే ఉండాల్సింది.

వరస మీద వరస పాడేవాళ్లు ఒక్కసారైనా చేసుకోవాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది. మనం విన్న తాళానికి సరిగ్గా పాడినా, రికార్డయిన గొంతు టైమ్‌లైన్ మీద ఆ తాళం దగ్గరే కూర్చుందా? డ్రైవర్ తన లేటెన్సీ ఎంతో చెప్తే, రీపర్ దాన్ని బట్టి రికార్డింగును వెనక్కి జరుపుతుంది. డ్రైవర్ చెప్పే లెక్క అన్ని పరికరాల్లో కచ్చితంగా ఉండదు. ఇంతకుముందు నేను వాడిన ఒక చిన్న ఇంటర్‌ఫేస్‌లో ప్రతి వరసా కొంచెం కొంచెం ఆలస్యమవుతూ, నాలుగో వరసకు వచ్చేసరికి హల్లులన్నీ చెల్లాచెదురయ్యేవి. పరీక్ష తేలిక. డైరెక్ట్ మానిటర్, ట్రాక్ మానిటరింగ్ రెండూ ఆపి, వెనక అవుట్‌పుట్ నుంచి ఒక కేబుల్‌ను ఇన్‌పుట్‌కి కలపండి. టైమ్‌లైన్ మీద ఉన్న క్లిక్కును ప్లే చేస్తూ దాన్నే కొత్త ట్రాక్‌లో రికార్డు చేయండి. రెండు క్లిక్కుల్నీ బాగా జూమ్ చేసి పక్కపక్కన చూడండి. తేడా ఉంటే ప్రిఫరెన్సుల్లో ఆడియో కింద ఉండే రికార్డింగ్ పేజీలో మాన్యువల్ ఆఫ్‌సెట్ గడి ఉంటుంది, ఆ తేడా శాంపుల్స్‌లో అక్కడ రాసేయండి. నా 2ఐ2లో తేడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. విండోస్ మీద దాని సొంత ఏసియో డ్రైవర్‌తో వచ్చిన ఫలితం ఇది.

ఇక రీపర్. ఒకప్పుడు విన్‌యాంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ దీన్ని కాకోస్ అనే చిన్న కంపెనీ పెట్టి మొదలుపెట్టారు. 2006లో 1.0 వచ్చింది. 60 రోజుల పాటు ఏ కోతా లేకుండా మొత్తం సాఫ్ట్‌వేర్ వాడి చూసుకోవచ్చు. ఇంటర్‌ఫేస్‌లతో పాటు ఉచితంగా వచ్చే కుదించిన సాఫ్ట్‌వేర్లలో ట్రాకులకు హద్దు ఉండొచ్చు, ఇందులో లేదు. నాలుగు వరసలకు మూడేసి ట్రాకులు చొప్పున వేసే నాకు ఆ హద్దు లేకపోవడం ముఖ్యం.

2023లో వచ్చిన 7వ వెర్షన్‌లో ట్రాక్ లేన్స్ చేర్చారు. నా పనిని సగానికి తగ్గించింది ఇదే. పల్లవిని లూప్‌లో పెట్టి పాడుకుంటూ పోతే ప్రతిసారి పాడినదీ ఒక లేన్‌గా ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటుంది. తర్వాత ఏ ముక్క ఏ లేన్‌లో బాగుందో వింటూ మౌస్‌తో గీసుకుంటూ పోతే, ఆ ముక్కలన్నీ కలిసి పైన ఒక పూర్తి పల్లవి తయారవుతుంది. అతుకుల దగ్గర చిన్న క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) రీపరే వేస్తుంది.

అతుకు ఎక్కడ వెయ్యాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. అచ్చు మధ్యలో కోస్తే ఎంత క్రాస్‌ఫేడ్ వేసినా తెలిసిపోతుంది, ఎందుకంటే ఒక టేక్‌లో (ఒకసారి పాడినదాంట్లో) ‘ఆ’ అన్న అచ్చు ఇంకో టేక్‌లోని ‘ఆ’లా ఉండదు. మన భాషలో క, ట, త, ప లాంటి హల్లులు పలికే ముందు నోరు ఒక్క లిప్త మూసుకుంటుంది. తరంగాన్ని జూమ్ చేసి చూస్తే ఆ చోట గీత దాదాపు చదునుగా ఉంటుంది. కత్తెర అక్కడ పెట్టండి. ఎంత శ్రద్ధగా విన్నా అతుకు దొరకదు. ఊపిరి తీసుకున్న శబ్దాన్ని దాని తర్వాత వచ్చే మాటతోనే ఉంచాలి, విడదీస్తే పాడుతున్న మనిషి మాయమై యంత్రం మిగులుతుంది. శ, స, ష దగ్గర కోయకపోవడమే మంచిది, ఆ ఈల శబ్దం టేక్‌కో రకంగా ఉంటుంది.

పిల్లలకు పంపే ఫైళ్ల దగ్గర కూడా రీపర్ నాకు బాగా కలిసొచ్చింది. రెండో వరస జట్టుకు పంపే ఫైల్లో రెండో వరస బిగ్గరగా, మిగతావి పది డెసిబెల్స్ తగ్గి ఉండాలి. మిగతావి పూర్తిగా తీసేస్తే పిల్లలు ఒంటరిగా పాడటం నేర్చుకుంటారు, పక్క వరస వినబడగానే దాంట్లోకి జారిపోతారు. ఎస్‌డబ్ల్యూఎస్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే మిక్సర్ స్థితిని స్నాప్‌షాట్‌లుగా దాచుకోవచ్చు. వరసకొక స్నాప్‌షాట్ పెట్టుకుని ఒక్కోటీ రెండర్ చేస్తాను, అంటే విడి ఫైలుగా తీస్తాను. చిన్నపిల్లల కోసం ప్లే రేటు తగ్గించి, శ్రుతి మారకుండా నెమ్మదైన వెర్షన్ కూడా ఇస్తాను. కొంచెం తగ్గిస్తే గొంతు సహజంగానే ఉంటుంది. మరీ సగానికి తగ్గిస్తే గమకాలు వణుకుతాయి, అప్పుడు నెమ్మదిగా మళ్లీ పాడటమే నయం.

రీపర్‌తో వచ్చే ప్లగిన్లు చూడటానికి పేలవంగా ఉంటాయి, పని మాత్రం గట్టిగా చేస్తాయి. రీఈక్యూ (ఫ్రీక్వెన్సీల పాళ్లు మార్చేది), రీకాంప్ (శబ్దంలో హెచ్చుతగ్గులు సర్దేది) ఈ రెండే నా గొంతు ట్రాకులన్నిటికీ. గదిలో కంప్యూటర్ ఫ్యాన్ హోరు పడితే రీఫిర్‌లో సబ్‌ట్రాక్ట్ మోడ్ ఉంది, హోరు ఒక్కటే ఉన్న చోట దానికి వినిపిస్తే మిగతా అంతటా దాన్ని తగ్గిస్తుంది. ఎక్కువ వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, అందుకే నేను ముందు కంప్యూటర్నే బల్ల కిందికి దూరంగా జరుపుతాను.

రీపర్ లోపాలు కూడా చెప్పాలి. మొదట తెరిస్తే బెదిరిపోతారు. ఎక్కడ రైట్ క్లిక్ చేసినా పొడవాటి మెనూ, ప్రిఫరెన్సుల పేజీలకు అంతు ఉండదు. వాయిద్యాల శబ్దాలు ఇందులో లేనట్టే. పియానోలో వరస వాయించి పిల్లలకు ఇవ్వాలన్నా, డ్రమ్స్ వేయాలన్నా బయటి ప్లగిన్లు తెచ్చుకోవాల్సిందే. వాయిద్యాలతో మొత్తం పాట కంప్యూటర్‌లోనే కట్టాలనుకునేవాళ్లకు, యాపిల్ కంప్యూటర్ ఉంటే, ఉచితంగా దొరికే గరాజ్‌బ్యాండ్‌తో మొదలుపెట్టడం సుఖం. గొంతు రికార్డు చేసి, కోసి, అతికించే పని ఎక్కువగా ఉన్నవాళ్లకు నేను రీపర్ తప్ప ఇంకోటి చెప్పను.

మళ్లీ పెట్టె దగ్గరికి వస్తే, ఎయిర్ అనే బటన్ గురించి చాలామంది అడుగుతారు. 1985లో రూపర్ట్ నీవ్ స్థాపించిన కంపెనీ ఫోకస్‌రైట్. జార్జ్ మార్టిన్ గారి ఎయిర్ స్టూడియోస్ కోసం చేసిన ఐఎస్ఏ ప్రీయాంపు వాళ్ల తొలి పేరున్న పని. ఆ ధ్వనిని గుర్తుచేసేలా ఈ బటన్ పై ఫ్రీక్వెన్సీలను కొంచెం పైకెత్తుతుంది. గిటార్ మీద బాగుంటుంది. గొంతు మీద నేను వేయను. శ, స, చ శబ్దాలు ముందుకు దూకుతాయి, మూడు నాలుగు వరసల్లో అవన్నీ ఒకేసారి పడితే చెవిలో గుచ్చుకుంటాయి. రికార్డయ్యాక దాన్ని తీసేయనూ లేం. అదే మెరుపు కావాలంటే తర్వాత రీఈక్యూలో ఇచ్చుకోవచ్చు.

కండెన్సర్ మైకుకు కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ రెండు ఇన్‌పుట్లకూ కలిపి ఒక్కటే. ఒక పక్క కండెన్సర్ మైకు, ఇంకో పక్క పాత రిబ్బన్ మైకు పెట్టేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి, ఆ కరెంటు రిబ్బన్‌ను పాడుచేయొచ్చు. డైరెక్ట్ మానిటర్ గొంతు హెడ్‌ఫోన్స్‌తో పాటు స్పీకర్లకూ వెళ్తుంది కాబట్టి పాడే ముందు స్పీకర్ల నాబ్ సున్నాకు తిప్పాలి, లేదంటే కూత మొదలవుతుంది. హెడ్‌ఫోన్ల వాల్యూమ్ నాబ్ విడిగా ఉండటం వల్ల ఇది ఇబ్బంది కాదు. 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కి దీని శక్తి సరిపోదు, 80 లేదా అంతకంటే తక్కువ ఓమ్‌లవి, చెవుల్ని పూర్తిగా మూసేవి తీసుకోండి. చెవి తెరిచి ఉండే రకమైతే ముందటి వరసలు హెడ్‌ఫోన్స్‌లోంచి కారి కొత్త వరస మైకులోకి దిగుతాయి, వాటిని తర్వాత తుడిచేయలేం.

మైకును బట్టి ఏ తరం కొనాలో తేలుతుంది. మూడో తరంలో గెయిన్ 56 డెసిబెల్స్. కండెన్సర్ మైకుకు ఇది ధారాళంగా చాలు. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకులో నెమ్మదిగా పాడేవాళ్లకు నాబ్ చివరి దాకా తిప్పాల్సి వస్తుంది. ఎస్ఎం7బి అయితే ఇంకా ఎక్కువ గెయిన్ అడుగుతుంది, మధ్యలో వేరే బూస్టర్ పెట్టుకోవాలి. 2023లో వచ్చిన నాలుగో తరంలో గెయిన్ 69 డెసిబెల్స్‌కి పెంచారు. పాడుతుంటే విని గెయిన్ తనే సర్దుకునే ఆటో గెయిన్, చిట్లబోతుంటే తగ్గించే క్లిప్ సేఫ్ కూడా ఇచ్చారు. పిల్లల చేత పాడించి రికార్డు చేసేవాళ్లకు ఈ క్లిప్ సేఫ్ పెద్ద సాయం, పిల్లలు రిహార్సల్లో ఒకలా, రికార్డింగులో ఇంకోలా పాడతారు. నాకు కండెన్సర్ మైకు, ఒక్కత్తినే పాడతాను కాబట్టి మూడో తరంతోనే ఉన్నాను. పెట్టెలోనే ఆలస్యం లేని రివర్బ్ కావాలని పట్టుబట్టేవాళ్లు స్టైన్‌బర్గ్ యూఆర్22సీ చూడండి, అందులో రివర్బ్ లోపలే ఉంటుంది. రెండు ఇన్‌పుట్లకూ విడివిడిగా ఫాంటమ్ పవర్, డైరెక్ట్ మానిటర్ బటన్లు కావాలంటే మోటు ఎం2 ఉంది, లెవెల్ చూపించే చిన్న తెర కూడా దానికి ఉంది.

ఏది కొన్నా యూఎస్‌బీ హబ్బులో పెట్టకుండా కంప్యూటర్‌కే నేరుగా కలపండి. ఈ పెట్టెలకు కరెంటు ఆ కేబుల్ నుంచే రావాలి. హబ్బు తగినంత ఇవ్వకపోతే రికార్డింగులో మధ్యమధ్య చిటపటలు పడతాయి, అవి సరిగ్గా మీరు బాగా పాడిన టేక్‌లోనే పడొచ్చు.